హోస్టింగ్‌తో ఉచితంగా ఇచ్చే డొమైన్ నిజంగా మన పేరు మీదే ఉంటుందా?

అందరికీ నమస్కారం. నేను రాసుకునే కథల కోసం ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టాలనుకుంటున్నాను, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న పేరు డాట్ కామ్‌లో ఇంకా ఖాళీగానే ఉంది. చాలా హోస్టింగ్ కంపెనీలు (సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచేవి) ఏడాది ప్లాన్ తీసుకుంటే డొమైన్, అంటే సైట్ పేరు, ఉచితం అంటున్నాయి కానీ, షరతులు చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

ఉచితం మొదటి ఏడాదికే, తర్వాత పూర్తి రెన్యువల్ ధర కట్టాలని అర్థమైంది, అది పర్వాలేదు. నా అసలు భయం ఆ పేరు ఎవరిదవుతుందన్నదే. రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ యజమానిగా, నా పేరు, నా ఈమెయిల్ పెడతారా, లేక కంపెనీ తన పేరు మీదే ఉంచుకుంటుందా? కొన్న వెంటనే ఐకాన్ (ICANN, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ) లుకప్‌లో వెతికితే రిజిస్ట్రార్, అంటే డొమైన్‌ను నమోదు చేసే కంపెనీ, ఎవరో కనిపిస్తుంది, కానీ ప్రైవసీ ఆన్‌లో ఉంటే యజమాని వివరాలు కనిపించవు కదా, అప్పుడు ఎలా తేల్చుకోవాలి?

ఇంకోటి, కొత్త డొమైన్‌ను సాధారణంగా మొదటి 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కు మార్చనివ్వరట. ఆ తర్వాత అడిగితే ఆథ్ కోడ్ (డొమైన్‌ను వేరే చోటికి మార్చుకోవడానికి కావాల్సిన కోడ్) 5 రోజుల్లో ఇవ్వాలని ఐకాన్ నియమం ఉంది, మరి ఉచితంగా వచ్చిన డొమైన్‌కూ అలాగే ఇచ్చారా? మధ్యలో హోస్టింగ్ మానేస్తే రీఫండ్‌లోంచి డొమైన్ ధర కోసుకుంటారని కొన్ని చోట్ల రాసి ఉంది, కోసుకున్నాక పేరైనా మన దగ్గరే ఉంటుందా?

డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట విడిగా కొనడమే మంచిదని నాకు అనిపిస్తోంది. ఇలాంటి ఆఫర్ తీసుకుని తర్వాత బయటికి మారినవాళ్లెవరైనా ఉంటే మీకు ఏం జరిగిందో చెప్పండి ప్లీజ్.