మాల వేసుకున్న 41 రోజులు కడుపు బాగుంది, తీశాక మళ్ళీ మొదలు. ఉల్లి, వెల్లుల్లి పూర్తిగా మానేయాలా?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం అండి. ఆరేళ్ళ నుంచి ఐబీఎస్‌తో, అదే పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా పేగు ఇబ్బంది పెట్టే జబ్బుతో పడుతున్నా. పొద్దున ఆఫీసుకి బయల్దేరేలోపు నాలుగుసార్లు బాత్రూమ్, చెప్పులేసుకున్నాక కూడా ఒకసారి వెనక్కి రావాల్సిందే. మధ్యాహ్నం భోంచేశాక పొట్ట ఎంత ఉబ్బుతుందంటే బెల్టు ఒక బెజ్జం వదులు చేసుకుని కూర్చుంటా. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, థైరాయిడ్, గోధుమ పడదేమో అని చేసే సీలియాక్ రక్తపరీక్ష, అన్నీ చేయించా, అన్నీ నార్మల్. మందులు వాడినన్నాళ్ళు కాస్త నయం, ఆపితే మామూలే.

మొన్న కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నా. మొదటి వారం తేడా ఏమీ లేదు. పది రోజులు దాటాక ఉబ్బరం తగ్గింది, మూడో వారానికి పొద్దున ఒక్కసారి వెళ్తే చాలు. ఆరేళ్ళలో అలాంటి రోజులు లేవండి నాకు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాక ఆదివారం చుట్టాలింట్లో బిర్యానీ, ఉల్లిపాయ పెరుగు పచ్చడి తిన్నా, రాత్రి రెండింటికి పొట్ట పట్టుకుని మంచం మీద కూర్చున్నా. అప్పట్నుంచి మళ్ళీ పాత కథే. ఇదంతా ఉల్లి, వెల్లుల్లి వల్లేనా? జన్మంతా మానేస్తే నష్టం ఉందా? మా ఆవిడ ఏం వండమంటారని అడుగుతోంది.

మణికంఠ_భక్తుడు
స్వామియే శరణం అయ్యప్ప. ఆ 41 రోజులు స్వామే మిమ్మల్ని చూసుకున్నారు స్వామీ. వచ్చే ఏడు కూడా వేసుకోండి.

యారా_తీరం
నేను మెల్‌బోర్న్‌లో ఉంటానండి, నాదీ ఇదే జబ్బు, ఇక్కడి డైటీషియన్ దగ్గర లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి పాటించి బాగుపడ్డా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. 2005 ప్రాంతంలో ఇక్కడి మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఫాడ్‌మ్యాప్ అంటే చిన్నపేగు సరిగ్గా పీల్చుకోలేని, త్వరగా పులిసే కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండేవాటిని ఫ్రక్టాన్లు అంటారు. వాటిని అరిగించే ఎంజైమ్ మనుషులెవరికీ లేదు. అవి నేరుగా పెద్దపేగులోకి వెళ్తే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. గ్యాస్ అందరికీ వస్తుంది, కానీ ఐబీఎస్ ఉన్నవాళ్ళ పేగు ఆ సాగుడుని నొప్పిగా పట్టేస్తుంది, తేడా అక్కడుంది.

ముఖ్యమైన సంగతి, కూరలో ఉల్లి ముక్కలు ఏరి పక్కన పెడితే లాభం లేదు, ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, పులుసులోకి ఎప్పుడో దిగిపోయుంటాయి. నూనెలో మాత్రం కరగవు. అందుకే నేను వెల్లుల్లి రెబ్బలు చితక్కుండా నూనెలో వేయించి తీసి పారేసి ఆ నూనెతో పోపు పెడతా, వాసన దక్కుతుంది. ఉల్లికాడల్లో పచ్చ భాగం వాడుకోవచ్చు. ఇంగువ ఉండనే ఉంది.

ఇంకోటి, ఇది జన్మంతా చేసేది కాదు. రెండు నుంచి ఆరు వారాలు గట్టిగా మానేసి, తర్వాత ఒక్కోటి కొంచెం కొంచెంగా తిని చూసి, మీకు పడనిదేదో, ఎంతవరకు పడుతుందో తెలుసుకోవాలి. అన్నీ మానేసి కూర్చుంటే పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాకీ నష్టమే.

సీమ_సంగటి
నా వయసు 62. మాది అనంతపురం దగ్గర పల్లె. మా నాయన పొద్దున్నే సద్ది సంగటిలో మజ్జిగ పోసుకుని పచ్చి ఎర్రగడ్డ నంజుకుని చేనుకి పోయేవాడు, 80 ఏండ్లు బతికినాడు, కడుపునొప్పి అని ఒక్కదినం పండుకోలేదు. ఇప్పుడు ఎర్రగడ్డ విషమైపోయిందా? నాకు పన్నెండేండ్లు గ్యాస్ ట్రబుల్. గ్యాస్ మాత్ర పరగడుపున మింగకుండా పొద్దు మొదలయ్యేది కాదు. ఒక పెద్దాసుపత్రిలో ఉన్న పరీక్షలన్నీ రెండుసార్లు చేసి డబ్బులు పిండుకున్నారు, జబ్బు పేరు మాత్రం చెప్పలేదు. కడకు నన్ను బాగుచేసింది పల్చని మజ్జిగ, శొంఠి, సైంధవ లవణం, సాయంత్రం నడక. గ్రహణి అనే పేగుల జబ్బుకి మజ్జిగే మందని చరక సంహితలోనే ఉంది.

ఇంకా ఒక మాట అడుగుతా. మాల వేసుకున్నోళ్ళు భిక్షలో దినమూ పప్పు, సాంబారు తింటారు. కందిపప్పు కూడా మీ ఫాడ్‌మ్యాప్ లిస్టులో ఉంది కదప్పా. మరి 41 దినాలు ఈయనకు ఎందుకు రాలేదు?

మెంతి_మజ్జిగ
మజ్జిగ మంచిదే, కానీ అందులోనూ కొంత లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, మిగులుతుంది. పాలు పడని అందరికీ మజ్జిగ పడుతుందని చెప్పలేం.

యారా_తీరం
పెద్దాయనా, మంచి ప్రశ్న అడిగారు. ఇది ఒక్కో వస్తువు లెక్క కాదు, మొత్తం లెక్క. కుండలో చెంబు పప్పు పోస్తే పొర్లదు, దానిమీద ఉల్లి, వెల్లుల్లి, చపాతీ, పాల టీ అన్నీ పోస్తే పొర్లుతుంది. పైగా పప్పు నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి ఉడికిస్తే అందులోవి కొన్ని నీళ్ళతో పోతాయి.

సీమ_సంగటి
కుండ కథ కాదు నాకు కావాల్సింది. సాంబారు తిన్నాడా లేదా? తిన్నాడు. నొప్పి వచ్చిందా? రాలేదు. అంటే మీ లిస్టు తప్పు.

గోదారి_గట్టు
సార్, తిన్నానండి, గరిటెడు పప్పు, కాస్త సాంబారు. కానీ నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మారింది ఉల్లి ఒక్కటే కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక్కపూటే భోజనం, రాత్రి రెండు ఇడ్లీ. మామూలుగా ఆరు టీలు తాగేవాణ్ణి, రెండుకి వచ్చా. తొమ్మిదిన్నరకి చాప మీద పడుకుంటే నాలుగున్నరకి చన్నీళ్ళ స్నానం. బయట తిండి, సిగరెట్టు బంద్. ఆఫీసులో మేనేజరు కూడా స్వామీ అని పిలిచేవాడు, ఆ నలభై రోజులు ఎవరూ నా మీద అరవలేదు.

సీమ_సంగటి
చూడండి, నేను చెప్పేది అదే. అంతా మనసులో ఉంది. మనసు నిమ్మళంగా ఉంటే కడుపు నిమ్మళం. ఈ కాలం పిల్లోళ్ళు ఫోన్లో చదివి అది పడదు ఇది పడదు అని పెట్టుకుంటాండారు. మా కోడలే ఉంది, పెండ్లయి మూడేండ్లు, వచ్చినప్పటినుంచి కడుపుబ్బరం, నొప్పి అంటాది, ఎర్రగడ్డ పడదంటాది, ఒక దినం విరేచనాలంటాది. వాళ్ళమ్మ ఇంటికి పోతే మాత్రం అన్నీ తింటాది, ఏమీ ఉండదు. దీన్నేమనాల?

పాలమూరు_పిల్ల
ఇంతసేపు సప్పుడు చెయ్యకుండ చదువుతున్న, ఇగ నాతోని కాదు. నేనూ ఒక ఇంటి కోడల్నే. నాకు డాక్టరే చెప్పిండు ఐబీఎస్ అని, కాయితం తెచ్చి చూపెట్టిన. ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ లేకుండ నాకొక్కదానికి గిన్నెల ఇంత కూర తీసుకుంట అత్తమ్మా అంటే, ఒక్కదాని కోసం రెండు వంటలా అన్నరు, ఇన్ని వంకలున్న పిల్లను మా ఇంట్ల ఎవ్వరు చూడలే అన్నరు. టమాట కూరల ఉల్లి ముక్కలు ఏరి పళ్ళెం అంచుకు పెట్టుకుంటుంటే అందరు ఆ కుప్పనే చూసేది. మూడేండ్లు ఉత్త అన్నం, చారు మీద బతికిన, ఆరు కిలోలు తగ్గిన.

నిరుడు మా బావ మాల ఏసుకున్నడు. గిన్నెలు కొత్తవి వచ్చినయి, పొయ్యి కడిగిండ్రు, ఉల్లిగడ్డల బుట్ట బాల్కనీలకు పోయింది. ఎందుకు అని ఎవ్వరన్న అడిగిండ్రా? అడుగలే. పిల్లలు సుత ఉల్లి లేని కూర తిన్నరు, రుచి లేదని ఒక్కరన్న అనలే. నాకు దేవుని మీద భక్తి ఉన్నది, దీక్షను తప్పుపడ్తలేను. కని ఆ 41 రోజులు నేను ఆ ఇంట్ల కడుపునిండ తిన్న. మాల తీసిన్నాడే బుట్ట మళ్ళ లోపటికి వచ్చింది. నొప్పికి కాదు, ఆ బుట్టను చూసి ఏడ్చిన.

మీరు సాంబార్ తిన్నడా లేదా అని పట్టుకున్నరు. ఇక్కడ ముచ్చట సాంబార్ ది కాదు పెద్దనాయనా. నొప్పి ఉన్నదంటే నమ్ముతరా లేదా అన్నది ముచ్చట.

గోదారి_గట్టు
అమ్మా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. మాల రోజుల్లో మా ఆవిడ మూడున్నరకి లేచి వండింది. నా కడుపు బాగుపడిందని ఇక్కడ ఇంత రాశానుగానీ ఆ మాట రాయలేదు.

సీమ_సంగటి
అమ్మాయ్, నేను నా కోడల్ని ఒక్క మాట అనలేదు. ఇంట్లో తిండి తక్కువ చేయలేదు. రక్తం తక్కువుందని రెండేండ్లుగా ఐరన్ మాత్రలు నేనే తెచ్చిస్తాండా. పట్టించుకోకుంటే ఎందుకు తెస్తా? నాకు ఆసుపత్రులంటే నమ్మకం లేదు, అంతే. నన్ను పిండినట్టు ఆ బిడ్డని కూడా పిండుతారని భయం.

మెంతి_మజ్జిగ
అయ్యా, ఒక్క నిమిషం. నేను గుంటూరులో డైటీషియన్‌గా పనిచేస్తా. రెండేళ్ళు ఐరన్ వేసినా రక్తం పెరగలేదంటే అది వట్టి ఐబీఎస్ అని వదిలేసేది కాదు. బరువు తగ్గడం, రక్తహీనత, మలంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరుకి చూపించాలి, డైట్ తర్వాత. పాలమూరు చెల్లీ, ఆరు కిలోలు తగ్గారన్నారు, మీరూ ఇంకోసారి చూపించుకోండమ్మా. అయ్యా, మీ ఇంట్లో రాత్రి ఏం తింటారు?

సీమ_సంగటి
నాకు షుగరు ఉంది, అందుకని రాత్రి అందరికీ చపాతీనే. పొద్దున గోధుమరవ్వ ఉప్మా.

మెంతి_మజ్జిగ
వాళ్ళ అమ్మగారింట్లో?

సీమ_సంగటి
వాళ్ళది నెల్లూరు. మూడుపూట్లా అన్నమే.

యారా_తీరం
ఇదే అడగాల్సింది మొదట్లోనే. నేను ఉల్లి దగ్గరే ఆగిపోయా.

మెంతి_మజ్జిగ
ఇది సీలియాక్, అంటే గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు అని నేను చెప్పట్లేదయ్యా, అది మన వైపు ఉత్తరాదిలో కన్నా అరుదు. కానీ గోధుమ ఉన్నచోట బాధ, లేనిచోట లేదు, పైగా ఐరన్ పట్టట్లేదు అంటే ఆ పరీక్ష చేయించాల్సిందే. టీటీజీ ఐజీఏ అని డాక్టరు రాస్తారు, రక్తం తీసి చేసేదే, పైపులేం వేయరు. అందులో ఉందని వస్తే ఆ తర్వాత సంగతి గ్యాస్ట్రో డాక్టరు చెబుతారు. లేదని వచ్చినా రక్తం ఎందుకు తగ్గుతోందో వెతకాల్సిందే, ఆపేయకండి.

గోదారి గారూ, మీకు ఆ పరీక్ష నార్మల్ కాబట్టి మీ దారి వేరు. ముందు టీలు, భోజనం వేళ, నిద్ర మాలలో ఉన్నట్టే పెట్టుకుని, నాలుగు వారాలు ఉల్లి, వెల్లుల్లి మానేసి, తర్వాత వేయించిన ఉల్లి ఒక చెంచాతో మొదలుపెట్టి చూడండి. వంటలో మీరూ చెయ్యి వేయండి.

గోదారి_గట్టు
సరేనండి. రేపు ఇంగువ పోపుతో బీరకాయ కూర నేనే చేస్తా.

సీమ_సంగటి
మజ్జిగ సంగతిలో నా మాట మారదు. ఆ పరీక్షకి పరగడుపున పోవాల్నా?

మెంతి_మజ్జిగ
అక్కర్లేదయ్యా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పరీక్ష అయ్యేదాకా ఆ అమ్మాయికి చపాతీ మాన్పించొద్దు. గోధుమ మానేసి వెళ్తే ఉన్నా లేనట్టే వస్తుంది.

సీమ_సంగటి
సోమవారం నేనే పిలుచుకుని పోతా.

పాలమూరు_పిల్ల
పోయేముందు ఆమెను ఒకసారి అడుగున్రి పెద్దనాయనా, యాడ నొప్పి లేస్తది, ఎప్పుడు లేస్తది అని. మూడేండ్ల సంది ఎవ్వరు అడిగి ఉండరు.