నవోదయలో సీటు వచ్చింది, పంపాలా? ఊళ్లో హైస్కూలు చాలా?

పల్లెపడుచు: మా పాపకు నవోదయలో, అదే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడిలో, ఆరో తరగతి సీటు వచ్చింది. ఇంటికి నాలుగడుగుల్లో జెడ్పీ హైస్కూలుంది. మా ఆయన పంపుదామంటారు, అత్తయ్య ససేమిరా అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

గోదారిగట్టు: ఇంకా ఆలోచనేంటమ్మా! ఆరులో ఉండేవే 80 సీట్లు. ఆరుకు రాసే ప్రవేశ పరీక్ష రెండోసారి రాయనివ్వరు. తిండి, బస, పుస్తకాలు ఉచితం. తొమ్మిది నుంచి నెలకు 600 కట్టాలి, ఆడపిల్లలకు అదీ లేదు.

లెక్కలసార్: తొమ్మిదిలో మైగ్రేషన్ మాటో? 30 శాతం మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రానికి పంపుతారు.

గోదారిగట్టు: అందరినీ కాదుగా. మావాడు వెళ్లొచ్చాడు, హిందీ గడగడా మాట్లాడతాడు.

చింతచిగురు: మా చుట్టాలమ్మాయి పది రోజులకే తిరిగొచ్చేసింది.

లెక్కలసార్: ఏడాది అంటే ఏడాదే. ఇంకోటి. పది తర్వాత చేరే మన రాష్ట్ర ట్రిపుల్ ఐటీ సీట్లకు, హాస్టల్ లేని (నాన్ రెసిడెన్షియల్) ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు. నవోదయకు వెళ్తే అది పోయినట్టే. మైగ్రేషన్ సంగతి మళ్లీ చెప్తున్నా...

గోదారిగట్టు: ఆ మైగ్రేషన్ వదలరా సార్? మీ అబ్బాయి ఏ జెడ్పీలో చదివాడో చెప్పండి.

లెక్కలసార్: ప్రైవేటులో. మా ఆవిడ పట్టుబట్టింది. దానికీ దీనికీ ఏంటి సంబంధం? ఐదు అవగానే చదివే నలుగుర్నీ గురుకులాలు, నవోదయ పట్టుకుపోతాయి. పక్కవాళ్లను చూసి నేర్చుకునే పిల్లాడు ఎవర్ని చూడాలి? పదిలో ఫలితాలు పడిపోతే తిట్లు మాత్రం మాకు.

గోదారిగట్టు: ఇదన్నమాట అసలు బాధ! మీ క్లాసు నిలబడాలంటే ఆవిడ కూతురు ఊళ్లో ఉండాలి. మీ కొడుకు మాత్రం ప్రైవేటుకు!

లెక్కలసార్: సీటు వచ్చినోళ్లు ఎన్నైనా చెప్తారు. రానివాళ్లూ పిల్లలేనండీ.

హాస్టల్‌పిల్ల: నేనూ పదేళ్లకే హాస్టల్లో పడ్డాను, నవోదయ కాదులెండి. చదువు బాగానే వచ్చింది. సెలవులకు ఇంటికెళ్తే మాత్రం చుట్టంలా ఉండేది. ఇంతకీ పాప ఏమంటోంది?

పల్లెపడుచు: పాప ఇప్పటికే పెట్టె సర్దుకుంది! అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు పాపే తోడు పడుకుంటుంది. ఆవిడ ఆ మాట అనరు, 'ఊళ్లో బడి లేదా' అంటారు. సార్, మీ మీద గౌరవమే గానీ, మా హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ.

లెక్కలసార్: ఏ మండలమమ్మా? బదిలీల్లో ఎవరైనా రావచ్చు. తొందరపడి చేర్పించకండి.

గోదారిగట్టు: సార్!!