అడిగిన "సీమల"యందునా, "చోటుల"యందునా?

కోకటం కోడలు:
నిన్నటి నుంచి ఒక పాదం బుర్రలో తిరుగుతూనే ఉంది. రాయలు పోయాక పెద్దన ఏడ్చిన సీసం, "ఎదురైనచో" అని మొదలయ్యేది. అందులో రెండో పాదం చివర నాకు చిన్నప్పటి నుంచీ "అడిగిన చోటులయందు నిచ్చె" అనే గుర్తు. నిన్న మావారు పాత మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాపు ఒకటి ఫోన్లో చూపించి, కడప మీద "సీడెడ్" అని ఉందేంటి, సినిమావాళ్ల మాట బ్రిటిషోళ్ల మ్యాపులోకి ఎలా వచ్చింది అన్నారు. (నవ్వకండి, ఆయన ఇంజనీరు.) వివరించబోయి రాయలసీమ దాకా వచ్చేసరికి ఠక్కున అనిపించింది, అది "చోటుల" కాదేమో, "సీమల" ఏమో అని. సీమలే అయితే అక్కడ సీమ అంటే సరిహద్దా, ప్రాంతమా? మాది ఆ పాదంలో వచ్చే కోకటం దగ్గరే కాబట్టి కొంచెం స్వార్థం కూడా ఉంది.

యతిప్రాస:
సీమలే. "కోకటగ్రామాద్యనేకాగ్రహారంబు లడిగిన సీమలయందు నిచ్చె". కానీ మీ జ్ఞాపకం ఎందుకు మోసపోయిందో చెప్తాను. చోటుల, సీమల, రెండూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు). యతి చూద్దామంటే అది "అడిగిన"లో అకారానికీ "యందు"లో యకారానికీ, స్వరప్రధాన యతి. నడుమ మాటతో దానికి పనే లేదు. ముందు సగంలో కోక, నేకా ప్రాసయతి, అక్కడా దొరకదు. అంటే ఛందస్సు ఇద్దరినీ సమానంగా రానిస్తుంది. అసలు పట్టుకోవలసింది "ల". సీమయందు కాదు, సీమలయందు. ఒకటి కాదన్నమాట.

గుత్తి రైలు:
నాకు ఎప్పటి నుంచో ఒక ఆలోచన ఉంది, తిట్టకుండా వినండి. రాయలు 1513లో ఉదయగిరి ముట్టడి మొదలుపెట్టాడు, 1515లో కొండవీడు పట్టాడు, తర్వాత కొండపల్లి, 1516కల్లా సింహాచలంలో శాసనం. అంటే పెద్దన కొలువులో ఉన్న రోజుల్లో రాజ్యం ఎల్ల ఏటేటా జరుగుతూనే ఉంది. కొత్తగా గెలిచిన పొలిమేరల్లో నమ్మకమైన వాళ్లను కుదురుగా కూర్చోబెట్టాలి కదా, అందుకు అగ్రహారాలు ఇచ్చి ఉంటాడు. కాబట్టి సీమ అంటే అచ్చంగా సరిహద్దే. బహువచనం కూడా సరిపోయింది, తూర్పున గజపతి, ఉత్తరాన సుల్తానులు.

పాత పుస్తకాల పిచ్చి:
అన్నా, కోకటం కమలాపురం పక్కన ఉంది, గండికోటకు మరీ దూరం కాదు. కళింగ దండయాత్రకీ దానికీ ఏం సంబంధం? పైగా పద్యంలో "అడిగిన" అని ఉంది. పెద్దన అంతటివాడు అడిగి మరీ రేపో మాపో గుర్రాలు తొక్కే పొలిమేరలో పొలం పుచ్చుకుంటాడా? ఇంకోటి, కృష్ణకు ఉత్తరాన గెలిచినదంతా రాయలు సంధిలో మళ్లీ ప్రతాపరుద్ర గజపతికే ఇచ్చేశాడు. అక్కడ అగ్రహారం అడిగి తీసుకున్నవాడు ఉంటే వాడి గతి ఏమిటో ఆలోచించు.

ఇక సీమ సంగతి. విజయనగరం నాటి శాసనాల్లో గండికోట సీమ అంటే గండికోట కింద ఉన్న నేల, ఇవాళ తాలూకా అన్నట్టు పాలనలో వాడిన మాట. కనుక పెద్దన అన్నది "ఏ సీమలో అడిగితే ఆ సీమలో" అని. ఇందులో మర్మం ఏమీ లేదు.

గుత్తి రైలు:
మర్మం లేదంటావేంటి, ఆ అగ్రహారం ఇచ్చే రాగిరేకుల్లోనే "చతుస్సీమా" అని ఉంటుంది కదా? నాలుగు దిక్కులా ఎల్లలు, ఫలానా చింతచెట్టు, ఫలానా గుట్ట, ఫలానా వంక అని. అదే రాజు, అదే దానం, అదే కాలం, అక్కడ సీమ అంటే సరిహద్దే.

పాత పుస్తకాల పిచ్చి:
అది సంస్కృతం భాగంలో తమ్ముడూ.

సీమచింత:
ఇద్దరూ ఒప్పే. సీమన్ అంటే మొదట గీత. తల మధ్యలో తీసే పాపిట కూడా అదే, సీమంతం అక్కడి నుంచే వచ్చింది. గీత గీస్తే అటూ ఇటూ నేల ఏర్పడుతుంది, మెల్లిగా గీత పేరు నేలకు పడింది. తర్వాత ఇంకా దూరం పోయింది, సముద్రం అవతలి దేశం కూడా సీమే అయింది. సీమ దొర, సీమ సున్నం, సీమ పంది, నా పేరు. తమిళంలోనూ సీమై అంటే విదేశం అనే అర్థం ఉంది. లోపల ఉన్న ఎల్ల, మన ఊరి చుట్టూ ఉన్న నేల, ఎక్కడో లండను, మూడూ ఒకే మాట మోస్తోంది. తెలుగులో ఇంత దూరం నడిచిన మాట ఇంకోటి చూపించండి.

యతిప్రాస:
దేశం. నన్నయ నాటికే తిరిగేసింది. కానీ అది వేరే చర్చ.

బళ్ళారి బావ:
మ్యాపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు, పాపం ఆవిడ భర్త కోసం రాస్తున్నా. కడప 1792లో టిప్పు ఓడినప్పుడు శ్రీరంగపట్నం సంధిలో నిజాం వాటాకు వచ్చింది. గుత్తి, గుర్రంకొండ 1799లో టిప్పు చనిపోయాక వచ్చాయి. మరుసటి ఏడాదే, 1800లో ఆ వచ్చినవన్నీ నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు, తన దగ్గర ఉండే కంపెనీ సైన్యం ఖర్చు కింద. అవే సీడెడ్ డిస్ట్రిక్ట్స్, తెలుగులో దత్తమండలాలు. ఎనిమిదేళ్లలో ఒకే ఊరు టిప్పుది, నిజాముది, కంపెనీది. కర్నూలు మొదట్లో ఇందులో లేదు, అక్కడి నవాబును 1839లో తీసేశారు. బనగానపల్లె అయితే 1948 దాకా సంస్థానమే. పాత మ్యాపుల్లో ఆ చిన్న ముక్క వేరే రంగులో ఉంటుంది, చూడండి, అంట్లు తోమిన గిన్నెలో మిగిలిన మచ్చలా.

సినిమావాళ్లు 1800 నాటి పేరునే ఇప్పటికీ వాడుతున్నారు, నైజాం, సీడెడ్ అని. పత్రికలు మానేశాయి, ప్రభుత్వం మానేసింది, వసూళ్ల లెక్క మాత్రం మానలేదు.

సీమచింత:
"దత్త" మాట నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. దత్తపుత్రుడు అన్నట్టు ఉంటుంది. సొంత తల్లిదండ్రులు ఇచ్చేసిన బిడ్డ.

యతిప్రాస:
దత్త అంటే ఇవ్వబడినది, అంతే, దాంట్లో దత్తత ఏమీ లేదు. ధాతువు దా.

సీమచింత:
ధాతువు తెలుసండీ. చెవికి ఏం వినిపిస్తుందో చెప్తున్నా. వినిపించబట్టే కదా 1928లో నంద్యాల సభలో ఆ పేరు వద్దని రాయలసీమ అని పెట్టుకున్నది. చిలుకూరి నారాయణరావు గారి సూచన.

గుత్తి రైలు:
గాడిచర్ల వారిది అని మా మాష్టారు చెప్పేవారు.

పాత పుస్తకాల పిచ్చి:
చిలుకూరి వారిదే. ఈ పోరు ఇక్కడ మొదలైతే పెద్దన పని అయిపోయినట్టే.

కోకటం కోడలు:
అయిపోయినట్టే ఉంది 🙂 కానీ ఒకటి తట్టింది. రాయలు "ఇచ్చె", నిజాం ఇచ్చినది "దత్త". రెండూ ఇవ్వడమే. రాయలు అడిగితే ఇచ్చాడు, నిజాం అడక్కుండానే ఇచ్చేశాడు.

బళ్ళారి బావ:
అడక్కుండా ఎక్కడ అమ్మా, కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీ గట్టిగానే అడిగాడు. అడగనిది ఆ ఊళ్లవాళ్లను. మా బళ్ళారి చూడండి, 1953లో యుద్ధమూ లేదు, టిప్పూ లేడు, అయినా ఊరు మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మా అత్తగారిది ఆదోని. 1953కి ముందు ఒకే జిల్లా, తర్వాత పెళ్లిపత్రికలు రెండు రాష్ట్రాలకు పోస్టు చేయాల్సి వచ్చింది. దత్తమండలాల్లో నుంచి బళ్ళారి పోయాక మిగిలిందే రాయలసీమ అంటారు, హంపీ మాత్రం అటువైపు. రాయలు లేని రాయలసీమ.

పాత పుస్తకాల పిచ్చి:
సరే, నేనూ ఒక మెట్టు దిగుతాను. కంపెనీ సర్వేయరు మెకంజీ ఈ జిల్లాల్లో కొలతలు కొలిపిస్తూ ఊరూరా కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించాడు కదా, కడప వైపు కైఫియత్తుల్లో కరణాలు ముందు రాసేది ఊరు ఏ సీమలోదో, తర్వాత ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో. కరణానికి మొదటిది చిరునామా, రెండోది వాతావరణం లాంటిది, వస్తుంది పోతుంది. గండికోటను 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాక కూడా అది గండికోటే. అందుకే నేను ప్రాంతం అనే అర్థం వైపే ఉంటాను. గుత్తి వాడు ఒప్పుకోడు, తెలుసు.

గుత్తి రైలు:
ఒప్పుకోను. ప్రాంతం చెప్పాలంటే ఆయనకు "నాడుల" అని ఉంది, అదీ భగణమే. సీమ అన్నాడంటే ఏదో ఉంది.

యతిప్రాస:
ఈ పద్యం పెద్దనదేనని ఎవరన్నారు? చాటువు, నోటి నుంచి నోటికి వచ్చినది.

సీమచింత:
మొదలుపెట్టారు.

కోకటం కోడలు:
మా నాన్న నోటుపుస్తకం దొరికింది, పెట్టె అడుగున. పద్యం మొత్తం రాసుకున్నారు, ఆ పాదంలో "సీమల" అనే ఉంది. కానీ దాన్ని పెన్సిలుతో కొట్టేసి పైన "చోటుల" అని దిద్దారు. దిద్దిన చేతిరాత నాన్నది కాదు.

యతిప్రాస:
ఎవరిదో కనుక్కోండి. ముందు ఫోటో పెట్టండి.