తెవికీలో మా ఊరి పేజీ: రాసినవి నిలవాలంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
మాది పాత వరంగల్ జిల్లా, చేర్యాల వైపు. తెవికీలో (తెలుగు వికీపీడియాలో) మా ఊరి పేజీ ఇంకా మొలకగానే, అంటే చాలా చిన్న పేజీగానే ఉంది. జిల్లా వరంగల్ అని, జనాభా 2011 లెక్క అని ఉంది. ఆ రెండూ సరిచేసి గుడి గురించి, ఊళ్లో పేరున్నవాళ్ల గురించి రాద్దామనుకుంటున్నా. ఫొటోలు కూడా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు:
జిల్లాతో మొదలుపెట్టండి. చేర్యాల 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. తొలి వాక్యం, సమాచారపెట్టె (పేజీ పక్కన ఉండే వివరాల పట్టిక), అడుగున ఉండే వర్గం, మూడు చోట్లా మార్చాలి. చాలామంది మొదటిది మార్చి వదిలేస్తారు, దాంతో ఊరు ఒకే పేజీలో రెండు జిల్లాల్లో ఉంటుంది. అదే పునర్వ్యవస్థీకరణలో అక్కడి కొన్ని ఊళ్లు కొత్తగా వచ్చిన కొమురవెల్లి మండలంలోకి వెళ్లాయి, కనుక మండలం కూడా చూసుకోండి. మూలంగా రెవెన్యూ శాఖ జీవో ఇస్తే ఇక ఎవరూ అడగరు. "2016కు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది" అనే మాట మాత్రం తీసేయొద్దు.

జనాభా జోలికి వెళ్లకండి. పంచాయతీ కార్యదర్శి చెప్పిన సంఖ్యో ఓటర్ల జాబితా సంఖ్యో తెచ్చి 2011 అంకె స్థానంలో పెడితే, పక్కనే ఉన్న కుటుంబాల సంఖ్య, ఆడ మగ లెక్క దానికి పొంతన లేకుండా పోతాయి. ఉన్న అంకె సరైనదో కాదో సరిచూడాలంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కింద వరంగల్ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ తెరవాలి. సిద్దిపేట పేరుతో వెతికితే దొరకదు, 2011లో ఆ జిల్లానే లేదు. ఒకే పేరుతో చాలా ఊళ్లుంటాయి, అందుకని పేరుతో కాక ఆరంకెల గ్రామ కోడ్‌తో పోల్చండి. సమాచారపెట్టెలో జనాభా గడిలో అంకె ఒక్కటే రాయాలి. "మంది" అని చేరిస్తే జనసాంద్రత లెక్కగట్టేచోట దోషం చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మా శివారు తండా ఇప్పుడు విడిగా పంచాయతీ అయింది. దాని జనాభా ఎక్కడ దొరుకుతుంది?

జవాబు:
తెలంగాణలో 2018లో తండాలను పెద్ద సంఖ్యలో పంచాయతీలు చేశారు. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానిది, అందులో శివారు ఆవాసాలూ కలిసే ఉంటాయి. 2011 పట్టికలో తండాకు విడిగా వరుస ఉండదు. ఊరి జనాభాలోంచి అంచనాగా తీసి రాయకండి, ఆ గడి ఖాళీగా ఉన్నా నష్టం లేదు. తండా పంచాయతీ అయిన సంగతి మటుకు మూలంతో రాయొచ్చు.

మరొకరి జవాబు:
గుడి గురించి. "అత్యంత మహిమాన్వితమైన పురాతన ఆలయం" అని రాస్తే పోతుంది, పోవాలి కూడా. ఎవరు కట్టించారు, శాసనం ఉందా, జాతర ఏ మాసంలో, ఈ వివరాలు కావాలి. స్థలపురాణాన్ని "స్థలపురాణం ప్రకారం" అంటూ రెండు వాక్యాల్లో చెప్పండి, చరిత్ర విభాగంలో కలపొద్దు. పూజారిగారు నోటితో చెప్పింది ఎంత నిజమైనా మూలం కాదు, చదివేవాళ్లు సరిచూసుకోలేరు కదా.

పత్రిక వార్తను మూలంగా ఇచ్చేటప్పుడు విజువల్ ఎడిటర్‌లో కోట్ గుర్తున్న బటన్ నొక్కి లింకు అతికిస్తే వివరాలు దానంతటవే వస్తాయి. తెలుగు పత్రికల సైట్లకు అవి తరచూ తప్పుగా వస్తాయి: శీర్షిక బదులు సైటు పేరు, రచయిత చోట "వెబ్ డెస్క్", తేదీ ఖాళీ. ప్రచురించే ముందు చేత్తో దిద్దండి. ఆ లింకును వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు) భద్రపరచి ఆర్కైవు లింకు కూడా ఇవ్వండి, జిల్లా వార్తల లింకులు ఎక్కువకాలం బతకవు. కాగితం పత్రికైతే తేదీ, ఎడిషను, పేజీ సంఖ్య చాలు.

పేరున్నవాళ్ల జాబితాలో మాజీ సర్పంచులు, అమెరికాలో స్థిరపడ్డ మిత్రులు చేరిపోవడమే పెద్ద తలనొప్పి. వాళ్లతో సంబంధం లేని పత్రికలో పుస్తకంలో ఆ వ్యక్తి గురించి కాస్త విపులంగా వచ్చి ఉంటేనే చేర్చండి.

జవాబు:
ఫొటోల గురించి ఎవరూ చెప్పలేదు. మీరు తీసినవే కామన్స్‌లో (వికీపీడియాలు వాడుకునే ఫొటోల భాండాగారం) ఎక్కించండి. అక్కడి లైసెన్సు కింద వ్యాపారానికి కూడా ఎవరైనా వాడుకోవచ్చు, అందుకు ఇష్టమైతేనే. ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది మీది కాదు. గుడి, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహం ఫొటో తీసినా చిక్కు లేదు. ఫ్లెక్సీ, గోడ మీద బొమ్మ ఫొటో తీస్తే మాత్రం గీసినవారి హక్కు అలాగే ఉంటుంది, అది తొలగింపుకు వెళ్తుంది. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేయకుండా ఊరు, గుడి పేరు రాయండి.

ఇంకొకటి. ఇవన్నీ ఒకే దిద్దుబాటులో పెట్టకండి. జిల్లా ఒకసారి, గుడి ఒకసారి, వ్యక్తులు ఒకసారి. ఒక్క వాక్యం నచ్చక ఎవరైనా రద్దు నొక్కితే ఆ దిద్దుబాటంతా పోతుంది. సారాంశం గడిలో "జిల్లా మార్పు, జీవో మూలం చేర్చాను" లాంటి ఒక్క ముక్క రాయండి. రద్దయితే మళ్లీ అదే పెట్టకుండా చర్చాపేజీలో అడిగి, చివర నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చేయండి. అక్కడ రెండు మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే తెవికీలో అందరూ మాట్లాడుకునే పేజీ అయిన రచ్చబండలో ఆ చర్చకు లింకు ఇవ్వండి, ఊరి పేజీల మీద పనిచేసేవాళ్లు అక్కడ చూస్తుంటారు.