ఘాటీ ఎక్కుతుంటే బండి పవర్ పడిపోయి ఆగిపోతోంది, ఎవరైనా చెప్పండి

పొట్టంగి బండి:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతుంటే సగం దారిలో బైకు గుంజడం మానేస్తుంది. ఎక్సలేటర్ ఎంత తిప్పినా రేజ్ అందుకోదు. గుటుక్ గుటుక్ మని ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మామూలుగా స్టార్ట్ అవుతుంది, నాలుగు మలుపులు తిరిగేసరికి మళ్లీ అదే. ప్లగ్గు కొత్తది వేశాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, కార్బరేటర్ కడిగించాను. మిస్త్రీ ఏమో ఇంజన్ పట్టేస్తోంది, బోరు చేయించాలి (సిలిండర్ లోపల తొలిపించాలి) అంటున్నాడు. బోరు తప్పదా?

జయపురం వర్క్‌షాప్:
ఏ సంవత్సరం మోడల్? ఎన్ని సీసీ? చదును రోడ్డు మీద ఆగుతోందా లేదా? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

రాయగడ నుంచి:
ముందు పెట్రోల్ చూడండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. వానల్లో ట్యాంక్‌లోకి చేరిన నీరు ఒక హద్దు దాటిందంటే ఇథనాల్‌ని కూడా పట్టుకుని కిందకి దిగిపోతుంది, ట్యాంక్ కింది పెట్రోల్ ట్యాప్ లాగేది ఆ అడుగు సరుకునే. గాజు సీసాలో పావు లీటరు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీతలా కనిపిస్తే ట్యాంక్ ఖాళీ చేయాల్సిందే. పాత బండ్లలో రబ్బరు పైపులు, ఫ్లోట్ నీడిల్ (కార్బరేటర్ లోకి పెట్రోల్ వదిలి ఆపే సూది) కొస దీనికోసం చేసినవి కావు, ఉబ్బిపోవచ్చు. దీని గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు.

సాలూరు మెకానిక్:
తమ్ముడూ, పట్టేయడం వేరు, ఆగిపోవడం వేరు. పట్టేస్తే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయి కిక్కు కిందకి దిగదు. నీకు కాసేపాగి కిక్కు కొడితే స్టార్ట్ అవుతోంది అంటున్నావు. ఆగిన వెంటనే కిక్కు దిగుతోందా లేదా చూడు. దిగితే బోరు మాట మర్చిపో.

పర్లాకిమిడి:
మా వైపు బండి దారిలో ఆగితే పట్టేసిందనే అంటారండి, అందులో తప్పేముంది.

సాలూరు మెకానిక్:
అనుకోవడంలో తప్పు లేదు. ఆ మాట మీద ఇంజన్ హెడ్డు విప్పేస్తేనే నష్టం. గాస్కెట్లు, రింగులు, కూలి, అన్నీ ఊరికే పోతాయి.

పొట్టంగి బండి:
2014 మోడల్, 100 సీసీ. కార్బరేటర్ బండే. కిక్కు దిగుతోంది. చదునులో సెమిలిగూడ వరకూ ఏ ఇబ్బందీ లేదు, ఘాటీలోనే. వెనకాల బస్తా ఉంటే ఇంకా తొందరగా ఆగుతోంది.

కోరాపుట్ టీచర్:
ఘాటీలో పవర్ తగ్గడం సహజం. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బరేటర్ మాత్రం పెట్రోల్ అంతే ఇస్తుంది. ప్రతి 100 మీటర్లకీ సుమారు 1 శాతం పవర్ పోతుంది.

జయపురం వర్క్‌షాప్:
దానివల్ల బండి మెల్లగా ఎక్కుతుంది. ఆగదు.

రాయగడ నుంచి:
ఆగకపోవచ్చు. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. అది కూడా కలిపి లెక్క వేయండి.

సాలూరు మెకానిక్:
లెక్కలు తర్వాత. ఈసారి బండి ఆగగానే రెండు పనులు చెయ్యి, చల్లారనివ్వకు. ఒకటి, కార్బరేటర్ గిన్నె (పెట్రోల్ నిలిచే చోటు) అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద చిన్న సీసా పట్టి దాన్ని వదులు చెయ్యి. సైలెన్సర్ మీద పడకుండా చూసుకో, దగ్గర్లో బీడీ సిగరెట్టు ఉండకూడదు. ధారగా వచ్చి గిన్నె ఖాళీ అయితే పెట్రోల్ అందుతోంది, జబ్బు కరెంటులో ఉంది. చుక్కలే వస్తే పెట్రోల్ అందడం లేదు. కరెంటు అనిపిస్తే స్క్రూ బిగించి, కారింది తుడిచి, సీసా దూరంగా పెట్టాకే ప్లగ్గు చూడు. ప్లగ్గు ఇంజన్‌కి ఆనించి కిక్కు కొడితే నీలం మంట టక్‌మని రావాలి. వేడికి ఇగ్నిషన్ కాయిల్ గానీ, పల్సర్ కాయిల్ గానీ (ప్లగ్గులో మంట పుట్టించే భాగాలు) చచ్చిపోతే మంట రాదు, చల్లారాక మళ్లీ వస్తుంది. నీ బండి లక్షణం రెంటికీ సరిపోతుంది, అందుకే వేడిమీదే చూడాలి. షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు చూసినా అన్నీ బాగానే కనిపిస్తాయి.

జయపురం వర్క్‌షాప్:
చోక్ కూడా చూడు, గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట అది. పవర్ పడిపోతున్నప్పుడు సగం చోక్ లాగితే ఒక్క క్షణం అందుకుంటే పెట్రోల్ తక్కువైనట్టే.

పర్లాకిమిడి:
టాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) బిగిసినా వేడెక్కాక కంప్రెషన్ పోతుంది కదా?

సాలూరు మెకానిక్:
పోతుంది. అప్పుడు కిక్కు కాళ్ల కింద ఖాళీగా దిగిపోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, కంప్రెషన్ స్ట్రోక్‌లో మాగ్నెట్ (ఇంజన్ పక్కనుండే చక్రం) మీద టీ గుర్తు కలిపి, సందు కొలిచే రేకు ఫీలర్ గేజ్‌తో చూడాలి. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క అది, మీ బండి పుస్తకంలో ఉన్న అంకే పెట్టండి, చేతి అందాజు పనికిరాదు.

పొట్టంగి బండి:
ఘాటీకి వెళ్లి చూశాను. డ్రెయిన్ స్క్రూ తీస్తే నాలుగు చుక్కలే. చోక్ లాగితే కొంచెం ఊపు వచ్చింది. కానీ ఇంటి దగ్గర పైపు పీకి చూస్తే ట్యాప్ నుంచి ధార బాగానే వస్తోంది, ఎంతసేపైనా. ట్యాప్ జాలీ కూడా శుభ్రంగా ఉంది. మరి పెట్రోల్ ఎక్కడ ఆగుతోంది? అన్నట్టు అప్పుడు ట్యాంక్ మూత తీసే ఉంది, తాళం పోయిందని ఈ మధ్య లాక్ సెట్ మొత్తం మార్పించాను, కొత్త తాళం సరిగా తిరగడం లేదు.

జయపురం వర్క్‌షాప్:
మూత.

సాలూరు మెకానిక్:
అదే! ట్యాంక్‌లోంచి పెట్రోల్ దిగిన మేర పైనుంచి గాలి లోపలికి వెళ్లాలి. ఆ దారి మూతలోనే సన్నటి రంధ్రంలా ఉంటుంది. లోకల్ మూతల్లో ఒక్కోసారి రబ్బరు వాషర్ దాన్ని కప్పేస్తుంది. గాలి వెళ్లకపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ పెరిగి ధార సన్నబడుతుంది. చదునులో ఇంజన్ తాగేది తక్కువ, ఆ సన్న ధారే సరిపోతుంది. ఘాటీలో బస్తా వేసుకుని ఫుల్ ఎక్సలేటర్ ఇస్తే గిన్నె నిండేకంటే ముందే ఖాళీ. నువ్వు ఆగిన కాసేపట్లో గాలి ఏ సందులోంచో మెల్లగా దూరి గిన్నె నింపుతుంది. మూత బిగించి పైపు పీకి సీసాలోకి వదులు. ధార తగ్గుతూ వచ్చి, మూత తీయగానే బుస్సున గాలి లాక్కుని మళ్లీ పుంజుకుంటే ఇంక సందేహం లేదు.

కోరాపుట్ టీచర్:
అప్పటిదాకా మూత వదులుగా పెట్టుకుని వెళ్లొచ్చా?

సాలూరు మెకానిక్:
వద్దండి. ఎత్తులో, గుంతల్లో పెట్రోల్ చిమ్మి వేడి ఇంజన్ మీద పడుతుంది. మూత అడుగున చిన్న స్క్రూలు ఉంటే విప్పి, పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టాలి. వాషర్ రంధ్రాన్ని కప్పుతుంటే సరైన వాషర్ వేయాలి. డ్రిల్లు పెట్టి పై నుంచి కన్నం చేయకండి, వాన నీరు నేరుగా దిగుతుంది.

రాయగడ నుంచి:
ఆ నీరు దిగితే ఇథనాల్ సంగతి ముందే చెప్పాను.

పొట్టంగి బండి:
మూత బిగించి చూశాను, ధార సన్నబడింది. తీయగానే బుస్సుమంది. వాషర్ రంధ్రం మీదే అతుక్కుని ఉంది. థాంక్స్ అన్నా.

పర్లాకిమిడి:
మాది 2021 ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్, కార్బరేటర్ లేని) బండి. దానికీ మూతలోంచే గాలి వెళ్తుందా, పెట్రోల్ ఆవిరి పట్టే ఆ నల్ల డబ్బా పైపు లోంచా? మాదీ ఎత్తులో ఇలాగే చేస్తోంది.