కణకవచం, కణత్వచం: రెండింటికీ ‘కణపొర’ అనవచ్చా?

ప్రశ్న: బడి పిల్లల కోసం జీవశాస్త్ర పాఠాలకు వివరణలు రాస్తున్నాను. కణకవచం, కణత్వచం అనే మాటలు వారికి బరువుగా ఉంటాయనిపించి, రెండు చోట్లా ‘కణపొర’ అనే రాస్తున్నాను. ఇది సరైనదేనా?

జవాబు: సరికాదండి. కణత్వచం (సెల్ మెంబ్రేన్) అంటే కణాన్ని చుట్టి ఉండే పలుచని హద్దు, కణకవచం (సెల్ వాల్) అంటే దానికి వెలుపల ఉండే గట్టి తొడుగు. త్వచం లేని కణం లేదు. కవచమైతే కొన్ని కణాలకే ఉంటుంది: మొక్కల కణాలకు సెల్యులోజుతోనూ, శిలీంధ్రాలకు కైటిన్ వంటి పదార్థాలతోనూ, చాలా బాక్టీరియాలకు పెప్టిడోగ్లైకాన్‌తోనూ త్వచానికి వెలుపల ఏర్పడుతుంది. జంతు కణాలకు అది లేనే లేదు. పెన్సిలిన్ బాక్టీరియా కణకవచం నిర్మాణాన్ని అడ్డుకుంటుంది, మన కణాలకు ఆ కవచం లేదు గనుక వాటి జోలికి పోదు. ఈ వాక్యంలో కవచం బదులు ‘పొర’ అని పెట్టి చదవండి. మన కణాలకూ పొర ఉన్నప్పుడు మందు వాటినెందుకు వదిలేస్తుందని పిల్లలు అడుగుతారు, ఆ అడగడంలో న్యాయముంది.

1665లో రాబర్ట్ హుక్ కార్కు ముక్కలో చూసిన గదులు నిజానికి చనిపోయిన కణాల కవచాలే. త్వచం మందం సుమారు ఏడెనిమిది నానోమీటర్లే (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). సాధారణ కాంతి సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు కాబట్టి, త్వచం అడ్డుకోత స్పష్టంగా కనబడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది.

అయినా ఈ తేడాను బడిలోనే కళ్లారా చూపవచ్చు. ఎర్ర ఉల్లిపాయ రేకు వెలుపలి వైపున ఊదారంగుగా ఉన్న పలుచని పొరను ఒలిచి, గాజు పలక మీద నీటి చుక్కలో పరిచి, కవర్ స్లిప్ కప్పి చూస్తే ప్రతి గదీ అంచుల దాకా రంగుతో నిండి ఉంటుంది. ఒక పక్కన చిక్కటి ఉప్పునీటి చుక్క వేసి, ఎదుటి పక్క నుంచి అద్దుడు కాగితంతో నీటిని లాగితే, కొద్ది నిమిషాల్లో ఆ రంగు భాగం మూలల నుంచి విడివడి లోపలికి ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్న గోడలు మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉంటాయి. ముడుచుకున్న భాగాన్ని చుట్టి ఉన్నది త్వచం, కదలక నిలిచినది కవచం.

ప్రశ్న: పోనీ, కవచాన్ని ‘కణగోడ’ అనీ, త్వచాన్ని ‘కణపొర’ అనీ విడివిడిగా రాస్తే?

జవాబు: గోడకు నా అభ్యంతరం ఏమీ లేదు, చక్కని మాట. పొర దగ్గరే సందేహిస్తాను. మనం ఉల్లిపొర అన్నప్పుడు అది పక్కపక్కనే పేర్చినట్టున్న అసంఖ్యాకమైన కణాల వరుస. అదే పాఠంలో ఒక్కో కణానికీ మళ్లీ పొర అంటే పిల్లలు దేన్ని ఊహించుకోవాలి? పైగా కేంద్రకానికీ, మైటోకాండ్రియాకూ రెండేసి త్వచాలున్నాయని తర్వాతి తరగతుల్లో చదవవలసి ఉంటుంది. అందుచేత త్వచాన్ని ఉంచి, మొదటిసారి వచ్చిన చోట దాని అర్థం ఒక వాక్యంలో వివరించండి.