పడవలో వెళ్లి నీటి అడుగున మెటల్ డిటెక్టర్ వాడొచ్చా?

ప్రశ్న: ఇంగ్లాండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉంటున్నానండీ, మాది భీమిలి. డైవింగ్ వచ్చు. స్నేహితుడి పడవలో వెళ్లి సముద్రం అడుగున డిటెక్టర్‌తో వెతకాలని ఉంది. ఇక్కడి చట్టం ఏమంటుంది?

జవాబు: పైకి తీయడం దగ్గరే అసలు చిక్కు. చేత్తో తీస్తే పర్లేదు. పడవ సాయంతోనో లిఫ్టింగ్ బ్యాగ్‌తోనో (గాలి నింపి వస్తువును పైకి లేపే సంచి) లేపితే 2009 నాటి సముద్ర, తీర ప్రాంత చట్టం కింద మెరైన్ లైసెన్స్ కావాలి. ఓడ శిథిలాలదైతే చిన్న మేకు అయినా సరే, 28 రోజుల్లో రిసీవర్ ఆఫ్ రెక్‌కి (ఓడ శిథిలాల వస్తువుల వివరాలు నమోదు చేసుకునే ప్రభుత్వ అధికారి) తెలపాలి. నేను ఇత్తడి మేకు ఒకటి దొరికిన రాత్రే ఫారం నింపాను.

ఇంకో జవాబు: సోలెంట్‌లో, అంటే మీ ఊరి ముందున్న జలసంధిలో, జాగ్రత్త తమ్ముడూ! మేరీ రోజ్ అనే యుద్ధనౌక 1545లో మునిగిన చోటు మీకు దగ్గరే. అది 1973 నాటి ఓడ శిథిలాల రక్షణ చట్టం కింద రక్షిత స్థలం, లైసెన్స్ లేకుండా అక్కడ డైవింగే కూడదు.

ప్రశ్న అడిగినవారు: అయితే అలాంటి చోట్లు తెలుసుకోడానికి ముందు చార్టు (సముద్ర పటం) కొంటానండీ.